ఇంటి నుంచి షెడ్డుకి భూమిలో అలారం తీగ, ఫైబర్: నేను వేసిన పద్ధతి

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక ఒకప్పుడు కల్లం ఉండేది. ఇప్పుడు అక్కడ రేకుల షెడ్డు వేశాం. ఇంటి వెనక గోడకీ షెడ్డు గోడకీ మధ్య 32 మీటర్లు. ట్రాక్టరు, ట్రాలీ, మందు కొట్టే స్ప్రేయర్లు, మా పెద్దబ్బాయి కారు అన్నీ అందులోనే ఉంటాయి. కిందటేడు దీపావళి వెళ్లిన నాలుగో రాత్రి ఎవరో షట్టరు తాళం కోసేసి ట్రాక్టరు బ్యాటరీ, చుట్ట చుట్టి పెట్టిన బోరు మోటారు వైరు పట్టుకుపోయారు. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఒక్కరికీ చప్పుడు వినపడలేదు. పొద్దున్నే షట్టరు సగం ఎత్తి ఉండటం మా ఆవిడ చూసింది. "ఊరూరికీ కేబుళ్లు వేశారు, మన షెడ్డుకి కూడా ఒక తీగ లాగండి" అంది.

1986లో టెలిఫోన్ శాఖలో చేరాను. 2020 జనవరి ఆఖర్న వీఆర్‌ఎస్ తీసుకునేదాకా కేబుల్ జాయింటింగే నా పని. పేపర్ కేబుల్, జెల్లీ కేబుల్ (నీళ్లు దిగకుండా లోపల జెల్లీ నింపింది), ఆ తర్వాత ఫైబర్, మూడూ ఈ చేతులతో పట్టుకున్నవే. షెడ్డు పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ఐదు రోజులు పట్టింది. మీ ఇంటికి దూరంగా కారు షెడ్డో, కోళ్ల షెడ్డో, గోడౌనో ఉంటే ఈ పద్ధతి మీకూ పనికొస్తుంది.

ముందుగా ఒక్క మాట. భూమిలో జాయింటు ఉండకూడదు. ముప్పై మూడేళ్లు జాయింట్లు వేసి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి, ఈ మాట తేలిగ్గా అనను. నేను చూసిన ఫాల్టుల్లో కేబుల్ మధ్యలో దానంతట అది చెడిపోయినవి చాలా తక్కువ. జాయింటులోకి నీళ్లు దిగినవి, ఎవరో తవ్వుతూ తెగ్గొట్టినవి, ఈ రెండు రకాలే ఎక్కువ. జూలై వానలో గుంటలో కూర్చుని, పైన టార్పాలిన్ పట్టించుకుని, తడిసిన తీగ జతలు ఒక్కొక్కటే తుడిచి మళ్లీ కలిపిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. అందుకే ఇంటి లోపలి పెట్టె నుంచి షెడ్డు లోపలి పెట్టె దాకా ఒకే ముక్క వెయ్యండి. ఐదు మీటర్లు తక్కువైందని భూమిలో అతుకు వేయకండి. కొత్త ముక్క కొనండి.

పైన గాల్లో లాగేస్తే తవ్వకం తప్పుతుంది కదా అని మా బావమరిది అడిగాడు. మా వైపు కోతులు తీగలు పట్టుకుని ఊగుతాయి. పత్తి లోడు ఎత్తిన ట్రాలీ వస్తే తీగ తగులుకుంటుంది. రెండు మూడు వేసవులు ఎండకి కాగాక పైతొడుగు పగుళ్లిస్తుంది. వైఫై సంగతి కూడా చూశాం. చుట్టూ రేకులున్న షెడ్డులోకి ఇంట్లోని రౌటర్ సిగ్నల్ దూరదు. తలుపు తీసి ఉంటే రెండు గీతలు, మూస్తే ఏమీ లేదు.

రాగి దేనికి, ఫైబర్ దేనికి

నేను అలారానికి రాగి తీగలు వేశాను, కెమెరాలకి ఫైబర్ వేశాను. రెండిటినీ వేరుగా ఉంచడానికి కారణం ఉంది. అలారం ప్యానెల్ ఇంట్లో ఉంటుంది, దాని బ్యాటరీ ఇంట్లోనే ఉంటుంది. షెడ్డులో కరెంటు పోయినా, దొంగ మెయిన్ ఆపేసినా, షెడ్డు సెన్సర్లకి కావాల్సిన 12 వోల్టులు ఇంటి నుంచే వెళ్తాయి. కెమెరా ఆగిపోయినా అలారం మోగుతుంది.

ఇక కెమెరాలకి ఫైబర్ ఎందుకంటే, పిడుగు. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న ఒక్కరోజే 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. పిడుగు నేరుగా మీ ఇంటిమీదే పడక్కర్లేదు. పక్క పొలంలో పడ్డా ఆ క్షణంలో నేలంతా ఒకే వోల్టేజిలో ఉండదు. ఇంటి ఎర్తుకీ షెడ్డు ఎర్తుకీ మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ రెండు చోట్లనీ రాగి తీగ కలిపితే ఆ తేడా అంతా దాని గుండానే సర్దుకుంటుంది. రెండు చివర్లా ఉన్న పరికరాల్లోని సర్క్యూట్ కార్డులు మాడిపోతాయి. ఎక్స్ఛేంజిలో బయటి లైన్లన్నీ వచ్చి కలిసే ఎండీఎఫ్ అనే ఫ్రేము మీద ప్రతి జతకీ రక్షణగా జీడీ ట్యూబు, అంటే ఎక్కువ వోల్టేజి వస్తే ఎర్తుకి మళ్లించే చిన్న గొట్టం, పెట్టేది ఇందుకే. ఫైబర్‌లో నడిచేది వెలుతురు, గాజులోంచి కరెంటు పోదు. మీరు కొనేటప్పుడు లోపల ఇనుప తీగ లేని రకం అడగండి. వేలాడదీసే డ్రాప్ కేబుల్‌లో ఒక స్టీలు తీగ వస్తుంది, అది భూమిలో మనకి అక్కర్లేదు. ఆ తీగ ఉంటే ఫైబర్ వేసిన లాభమే పోతుంది. గొట్టంలో జెల్లీ ఉన్న గుండ్రటి అవుట్‌డోర్ కేబుల్, సింగిల్ మోడ్ రకం, రెండు కోర్లు, అంటే రెండు గాజు పోగులు. నాకు కావాల్సింది ఒక కోరే, రెండోది రేపటికి.

అలారం రాగి తీగలకి మాత్రం పిడుగు భయం ఉంటుంది. రెండు చివర్లా 24 వోల్టుల రకం సిగ్నల్ లైన్ సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా వచ్చే ఎక్కువ వోల్టేజిని ఎర్తుకి మళ్లించేది) పెట్టి, దాన్ని ఆయా చోటి ఎర్తుకి పొట్టి తీగతో కలిపాను. పొట్టిగా అంటే జానెడు, మూరెడు. మీటర్లకి మీటర్లు చుట్టి తీసుకెళ్తే దాని ఉపయోగం సగం పోతుంది.

మీ షెడ్డు ఇంటికి పది, పన్నెండు మీటర్లలోనే ఉండి, రెండిటికీ ఒకే ఎర్తు ఉంటే నెట్‌వర్కుకి వాడే రాగి కేబుల్, క్యాట్ 6తో సరిపెట్టుకోవచ్చు. ఈథర్‌నెట్‌కి హద్దు 100 మీటర్లు కాబట్టి దూరం సమస్య కాదు. అవుట్‌డోర్ జెల్లీ రకమే తీసుకోండి. ఇంట్లో వాడే తెల్ల పీవీసీ తొడుగు కేబుల్ తడిలో కొన్నాళ్లకి నీళ్లు పీలుస్తుంది. పూర్తి రాగి అవునో కాదో కొట్లోనే చూడండి. ఒక తీగ చివర బ్లేడుతో గీకితే లోపల కూడా ఎర్రగానే ఉండాలి. తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. దాని రెసిస్టెన్స్ ఎక్కువ, కెమెరాకి అదే కేబుల్‌లో కరెంటు పంపితే రాత్రిపూట చీకట్లో చూడ్డానికి ఉండే ఐఆర్ లైట్లు వెలిగినప్పుడు కెమెరా ఆగి ఆగి లేస్తుంది. వంచితే విరుగుతుంది కూడా.

ముగ్గు పోసి దారి చూసుకోవడం

పార పట్టుకునే ముందు రోజు సాయంత్రం ఇంటి చుట్టూ తిరిగి ఏమేం భూమిలో ఉన్నాయో గుర్తు చేసుకున్నాం. సెప్టిక్ ట్యాంకు, దాని పైపు, సంపు, బోరు నుంచి ట్యాంకుకి వెళ్లే పైపు, ఎర్తు గుంట, షెడ్డుకి వెళ్లే 230 వోల్టుల లైను. మా ఆవిడ డబ్బాలోంచి ముగ్గుపిండి తీసుకొచ్చి, ఉన్నవాటిమీద అడ్డగీతలు, మనం తవ్వే కాలవ వెళ్లే చోట నిలువు గీత పోసింది. వేపచెట్టు మొదలుకి ఎనిమిది అడుగుల దూరం వదిలాం. కరెంటు లైనుకి కనీసం అడుగు ఎడం ఉండాలి. దాన్ని దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పక్కపక్కనే నడపకూడదు. ఒకే పైపులో 230 వోల్టుల తీగ, అలారం తీగ కలిపి వేయడం అసలు చేయకూడని పని. ఎక్కడో తొడుగు చిట్లితే ఇల్లంతా తిరిగే 12 వోల్టుల తీగలోకి 230 వస్తుంది.

ఎన్ని గుర్తులు పెట్టినా మాకు తెలియనిది ఒకటి బయటపడింది. పదిహేడో మీటరు దగ్గర అడుగు లోతులో పాత మోటారు కేబుల్, పైపు లేకుండా, మట్టిలో ఊరికే పడుకుని ఉంది. మా నాన్న ఉన్నప్పుడు ఎవరో వేసింది. త్రీ ఫేజు, కరెంటు ఉంది కూడా. తవ్వే కుర్రాడికి ముందే చెప్పాను కాబట్టి అక్కడ గడ్డపార వేయలేదు. "బాబాయ్, నల్లగా ఏదో తగిలింది" అని ఆగాడు. స్టార్టరు దగ్గర మెయిన్ దించి, టెస్టరుతో చూసుకుని, ఆ ముక్క మీద పైపు చీల్చి తొడిగాం. జేసీబీ పెట్టి ఉంటే ఆ రోజు ఏం జరిగేదో. ఇంటి ఆవరణలో చేత్తోనే తవ్వించండి. ఇద్దరు మనుషులకి రెండు రోజుల పని, అంతే.

ఎప్పుడు తవ్వాలన్నది మాలాంటి నల్లరేగడి నేలల్లో చాలా ముఖ్యం. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో మా కల్లంలో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. ఆ నెర్రె విచ్చుకునేటప్పుడు పైపుని రెండు వైపులా లాగుతుంది. గమ్ము పెట్టి అతికించిన పీవీసీ కాలర్లు రెండు మూడేళ్లలో ఊడిపోయి కనిపించేది అందుకే. వానాకాలం తవ్వితే పారకి అంటుకుని పని సాగదు. మే నెలలో గడ్డపార దిగదు. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి.

లోతు రెండున్నర అడుగులు తీసుకున్నా. ట్రాక్టరు తిరిగే చోట, అంటే షెడ్డు ముందు ఆరు మీటర్లు, మూడు అడుగులకి దించా. వెడల్పు పార పట్టేంత చాలు. అడుగున రాళ్లు, వేళ్ల ముక్కలు ఏరేసి నాలుగంగుళాల ఇసుక పరిచాం. మట్టి నేరుగా పైపుని పట్టుకోకుండా ఈ ఇసుక మెత్తగా అడ్డం ఉంటుంది. నల్లరేగడిలో దీన్ని మానకండి. ఎర్రమట్టి నేల, ఇసుక నేల అయితే అంత పట్టింపు లేదు.

పైపు

టెలిఫోన్ శాఖలో ఫైబర్‌కి వాడే పైపు పేరు పీఎల్‌బీ. హెచ్‌డీపీఈ రకమే, లోపలి గోడకి తయారీలోనే జారే పొర ఉంటుంది. బయట 40 మిల్లీమీటర్లు, లోపల 33. చుట్టగా దొరుకుతుంది కాబట్టి 40 మీటర్లు ఒకే ముక్కగా, ఒక్క అతుకు లేకుండా వేయొచ్చు. రోడ్ల పక్కన దాన్ని మేం 1.65 మీటర్ల లోతులో పూడ్చేవాళ్లం, ఇంటి ఆవరణలో అంత అక్కర్లేదు. అది దొరక్కపోతే డ్రిప్, బోరు సామాన్ల కొట్లో అమ్మే 40 మిల్లీమీటర్ల నల్ల రోల్ పైపు, 6 కేజీల ఒత్తిడి తట్టుకునే రకం తీసుకోండి. చుట్ట విప్పి ఒక రోజు ఎండలో పరిచి పెడితే మెత్తబడి సాగుతుంది. పొద్దున్న చలిలో దాంతో కుస్తీ పట్టకండి.

పైపుని కాలవలో తాడు బిగించినట్టు తిన్నగా వేయకండి. అక్కడక్కడ కొంచెం పక్కకి పోనిచ్చి వదులుగా పడుకోబెట్టండి. నేల కుంచించుకున్నప్పుడు ఆ వదులే దాన్ని కాపాడుతుంది. చివర్లలో గోడ దగ్గర పైకి లేచే చోట ఎల్బో వాడొద్దు, పైపునే పెద్ద వంపుగా తిప్పండి. గోడలో రంధ్రం నేలకి అడుగు పైన, ప్లింత్ బీముకి, పిల్లరుకి తగలకుండా కోర్ మిషన్‌తో వేయించా. రంధ్రం ఇంటి లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీళ్లు గోడలోకి నడిచి వస్తాయి.

పైపులోకి నీళ్లు రానివ్వను అని ఎంత చేసినా లోపల చెమ్మ పడుతుంది. రాత్రి చల్లబడి, పగలు వేడెక్కి, లోపలి గాల్లోని తేమే నీరవుతుంది. కాబట్టి కేబుల్ తడిని తట్టుకునేది అయి ఉండాలి. పైపు ఎండగానే ఉంటుందనే నమ్మకంతో ఇంట్లో వాడే కేబుల్ వేయకండి.

కేబుల్ లాగడం

పైపులోంచి వెళ్లేవి మూడు. ఫైబర్ కేబుల్, 8 కోర్ల అలారం కేబుల్, హూటరు (మోగే సైరన్) కోసం 1 చదరపు మిల్లీమీటరు రెండు కోర్ల రాగి కేబుల్. ఒక్కొక్కటి 52 మీటర్లు కొన్నా. పైపు పొడవు మాత్రమే లెక్కేసుకుని కొని తర్వాత బాధపడేవాళ్లని చూశాను. ఇంటి లోపల గోడ వెంట పెట్టె దాకా, షెడ్డులో పెట్టె దాకా, రెండు చివర్లా రెండేసి మీటర్లు చుట్టగా వదలడానికి, అన్నీ కలిపి చూసుకోండి.

హూటరుకి వేరే లావు తీగ ఎందుకో లెక్క చెప్తా. అలారం కేబుల్‌లో ఒక్కో కోరు 0.22 చదరపు మిల్లీమీటర్లు. 50 మీటర్లు వెళ్లి 50 మీటర్లు తిరిగి రావాలి, మొత్తం 100 మీటర్లకి సుమారు 8 ఓమ్‌ల రెసిస్టెన్స్. హూటరు 300 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 2.4 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ కాస్త దిగి 11.5 ఉంటే హూటరు దగ్గర 9 మాత్రమే మిగులుతుంది, గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. 1 చదరపు మిల్లీమీటరు తీగలో ఆ నష్టం 0.6 వోల్టు. సెన్సర్లు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి వాటికి సన్న తీగ చాలు.

పైపులోకి ముందు నైలాన్ తాడు పంపాలి. చిన్న పాలిథిన్ కవరు ముక్కని సన్న దారానికి కట్టి పైపు ఒక చివర పెట్టి, రెండో చివర వాక్యూమ్ క్లీనరు ఆన్ చేస్తే క్షణాల్లో దారం అవతల తేలుతుంది. ఆ దారంతో నైలాన్ తాడు, తాడుతో కేబుళ్లు. మూడు కేబుళ్లనీ ఒకే చోట కట్టి ముద్ద చేయకుండా, ఒకదాని వెనక ఒకటి నాలుగంగుళాల ఎడంతో టేపు చుట్టి, ముందు భాగం ముల్లంగి కొసలా సన్నగా వచ్చేట్టు చేశా. ఆ తలకే ఇంకో నైలాన్ తాడు కట్టా, రేపు ఇంకేదన్నా లాగాలంటే అది పైపులోనే ఉంటుంది. మూడూ ఒకేసారి లాగాలి. ఒకటి ఉన్నాక ఇంకోటి లాగితే తాడు రాపిడికి ముందుదాని తొడుగు కోసుకుపోతుంది.

కేబుల్ చుట్టని నేలమీద దొర్లించకుండా ఎనిమిది అంకె ఆకారంలో పరుచుకోండి. ఒక చుట్టు కుడికి, ఒక చుట్టు ఎడమకి పడితే మెలి పడదు. లైన్‌మన్లందరం మొదటి నెలలో నేర్చుకునేది ఇదే. ఇవతల నేను పౌడరు రాస్తూ అందించా, అవతల మా బావమరిది లాగాడు. నూనె, గ్రీసు వాడకండి, తొడుగుని తినేస్తాయి. లాగేది చేతి బలంతోనే. సన్నటి డేటా కేబుల్ 11 కేజీల లాగుడుకి మించి తట్టుకోదు. "ఆపు" అంటే వెంటనే ఆపే మనిషి అవతల ఉండాలి.

పూడ్చకముందే పరీక్ష

కాలవ తెరిచి ఉండగానే అన్నీ చూసుకోండి. నా దగ్గర పాత మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజి పెట్టి తీగల మధ్య లీకేజీ చూసే మీటరు, ఉంది. రెండు చివర్లా ఏమీ కలపకుండా, ఒక్కో కోరుకీ మిగతా కోర్లకీ మధ్య 500 వోల్టులు పెట్టి చూశా. ముల్లు చివరిదాకా వెళ్లింది, లీకేజీ లేదు. ప్యానెల్, సెన్సర్లు కలిపాక మెగ్గర్ పెట్టకండి, మాడిపోతాయి. మెగ్గర్ లేనివాళ్లు మల్టీమీటరుతో ప్రతి కోరు ఇటు నుంచి అటు ఉందా, రెండు కోర్లు కలిసిపోలేదు కదా అని చూసుకున్నా సరే.

ఫైబర్ అతికించడానికి మా ఊరి ఇంటర్నెట్ కుర్రాణ్ణి పిలిచా. స్ప్లైసింగ్ మిషన్ వాడిదే. అతుకులు రెండు చివర్లా గోడ పెట్టెల్లోపల పడ్డాయి, భూమిలో కాదు. ఇక్కడ ఒక చిన్న తేడా చూసుకోవాలి. ఇంటర్నెట్ వాళ్ల దగ్గర ఉండేవి ఎక్కువగా ఆకుపచ్చ కనెక్టర్లు. నేను కొన్న మీడియా కన్వర్టర్లకి (ఫైబర్‌లోని వెలుతురుని రాగి కేబుల్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) నీలం కనెక్టరు కావాలి. ఆకుపచ్చ దాని ముఖం ఏటవాలుగా, నీలం దాని ముఖం తిన్నగా ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదాంట్లో దూర్చితే లోపలికి వెళ్తుంది గానీ ముఖాలు ఆనవు, వెలుతురు పోతుంది. ముందే నీలం పిగ్‌టెయిల్స్, అంటే ఒక చివర కనెక్టరు ఉన్న ఫైబర్ ముక్కలు, తెప్పించి పెట్టుకోండి. ఒకే కోరు మీద నడిచే కన్వర్టర్లు కొంటే ఒకటి 'ఏ', ఒకటి 'బీ' జతగా కొనాలి. ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో వింటుంది, రెండోది అటూ ఇటూగా. రెండూ 'ఏ' కొంటే లింకు లైటు ఎప్పటికీ వెలగదు. కోరు చివర కన్ను పెట్టి చూడకండి, ఆ వెలుతురు కంటికి కనపడదు గానీ హాని చేస్తుంది.

షెడ్డులో కన్వర్టరు, దాని పక్కన కెమెరాలకి కరెంటు కూడా ఇచ్చే నాలుగు పోర్టుల స్విచ్, రెండిటికీ చిన్న యూపీఎస్. అన్నీ దుమ్ము పడని గోడ పెట్టెలో. స్విచ్ నుంచి కెమెరాలకి క్యాట్ 6 ముక్కలకి ప్లగ్గులు నేనే కొట్టా. ఆ కేబుల్ తొడుగు ఊడదీసినప్పుడు లోపలి జతలు చూసి మనసుకి ఎంత సంతోషం వేసిందో. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. మా జెల్లీ కేబుల్‌లో మొదటి నాలుగు జతల వరస అదే. అయిదోది బూడిద రంగు, ఇందులో అది ఉండదు. ప్లగ్గులో మాత్రం వరస మారుతుంది: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. మూడో తీగ, ఆరో తీగ ఒకే జతవి కావాలి. దీన్ని పట్టించుకోకుండా రెండు పక్కలా ఒకేలా వేశాం కదా అని జతలు విడదీసి పెడితే టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, కెమెరా మాత్రం నత్తనడక నడుస్తుంది.

షట్టరు దగ్గర

8 కోర్లలో రెండు షట్టరు సెన్సరుకి, రెండు కదలిక పట్టే పీఐఆర్ సిగ్నల్‌కి, రెండు పీఐఆర్‌కి 12 వోల్టులు ఇవ్వడానికి. చివరి రెండిటినీ షెడ్డు పెట్టెలో కలిపి, ఇంటి ప్యానెల్‌లో 24 గంటల జోన్‌కి ఇచ్చా. అలారం ఆఫ్‌లో ఉన్నా ఎవరైనా కేబుల్ కోస్తే మోగుతుంది. రోలింగ్ షట్టరుకి ఇంటి తలుపులకి పెట్టే చిన్న మాగ్నెట్ పనికిరాదు, గాలికి షట్టరు ఊగినా మోగుతుంది. నేలకి బిగించే పెద్ద రకం కావాలి.

ప్యానెల్‌తో పాటు చిన్న రెసిస్టర్లు వస్తాయి. వాటిని చాలామంది సులువు కదా అని ప్యానెల్ దగ్గరే పెట్టేస్తారు. అలా పెడితే దారిలో తీగలు రెండూ అంటుకుపోయినా ప్యానెల్‌కి తెలియదు, షట్టరు మూసే ఉందనుకుంటుంది. రెసిస్టరు సెన్సరు దగ్గర, తీగ చిట్టచివర ఉండాలి. మాది 4.7 కిలో ఓమ్‌లు, పసుపు, ఊదా, ఎరుపు గీతలది. మీ ప్యానెల్ పుస్తకంలో ఎంత రాసుందో అంతే పెట్టండి.

పైపు రెండు మూతుల్నీ మూయడం చిన్న పని, కానీ మర్చిపోతే అన్నీ వృథా. మా వైపు పందికొక్కులు పైపు కన్నం చూస్తే వదలవు. గిన్నెలు తోమే స్టీలు పీచుని తెచ్చి మూతిలో కూరి, దానిమీద గట్టిపడని పుట్టీ మెత్తాం. సిమెంటు పెట్టకండి, మళ్లీ తీయలేరు.

పూడ్చేటప్పుడు పైపు మీద ఇంకో నాలుగంగుళాల ఇసుక, ఆ పైన ఇటుకలు అడ్డంగా వరసగా పేర్చాం. టెలిఫోన్ శాఖలో పాతరోజుల్నుంచీ అదే పద్ధతి, గడ్డపార ముందు ఇటుకకి తగులుతుంది. నేలకి అడుగు లోతులో పసుపు హెచ్చరిక టేపు. తర్వాత మట్టి పొరలు పొరలుగా వేసి తొక్కించా. నల్లమట్టి వానకి దిగుతుంది కాబట్టి నాలుగంగుళాలు దిబ్బగా వదిలేశా. మొదటి వానలకి అది నేలతో సమానమైంది.

పూడ్చేముందు ప్రతి మూడు మీటర్లకీ టేపు పెట్టి ఫోటోలు తీశాం. ఇంటి మూల నుంచి ఎన్ని మీటర్లు, ప్రహరీ నుంచి ఎంత ఎడం, లోతు ఎంత, పాత మోటారు కేబుల్ ఎక్కడ దాటింది, అన్నీ కాగితం మీద గీశాను. ఒక కాపీ మీటరు బోర్డు తలుపు లోపల అంటించా, ఒకటి పెద్దబ్బాయికి వాట్సాప్‌లో పంపా. మలుపు ఉన్న రెండు చోట్లా సిమెంటు రాళ్లు పాతి 'కేబుల్' అని పెయింటుతో రాశా.

ఆరో రోజు రాత్రి పదింటికి ఇంట్లో వాళ్లందర్నీ పడుకోమని, తలుపులు వేయించి, నేను వెళ్లి షట్టరు అరడుగు ఎత్తాను. షెడ్డులోనూ, ఇంట్లోనూ హూటర్లు ఒక్కసారే మోగాయి. మా ఆవిడ వరండాలో లైటు వేసి "వినపడిందండీ, ఇక ఆపండి, దూడ బెదురుతోంది" అని కేకేసింది. మెగ్గర్ రీడింగులు, ఫైబర్ లెక్కలు తేదీ వేసి నోటుపుస్తకంలో రాసి పెట్టా. మే నెలలో నెర్రెలు పడ్డాక ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి ప్యానెల్ వైపు తీగలు విప్పి, షెడ్డు వైపు సెన్సర్లు, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్లు కూడా తీసేసి మళ్లీ చూస్తాను.